నాలుగు రిపోర్టులు కొట్టాను, నాలుగుసార్లూ "ఏ తప్పూ లేదు" అన్నారు. వీళ్లకి ముకుతాడు వేసేదెవరు?

జడకుచ్చులు
విషయం కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. మా చెల్లి ఫోటో ఎవరో తీసుకుని, మార్ఫింగ్ చేసి దొంగ అకౌంట్‌లో పెట్టారు. మొహం దానిది, మిగతాది ఎవరిదో. దానికి 19 ఏళ్లు. ఫ్రెండ్ స్క్రీన్‌షాట్ పంపితే తెలిసింది, అప్పటికే రెండు రోజులైంది.

రిపోర్ట్ కొట్టాను. ఆ మెనూ సంగతి తెలుసుగా. "ఇది నాకు నచ్చలేదు", "ఇది స్పామ్", "ఇంకేదైనా"... ఐదు తెరలు దాటాక "మీ ఫిర్యాదు అందింది" అని వచ్చింది. ఆరు గంటల తర్వాత జవాబు: "పరిశీలించాం, మా నియమాలకు విరుద్ధంగా ఏమీ కనబడలేదు." మళ్లీ కొట్టా. మళ్లీ అదే వాక్యం, కామాతో సహా. అలా నాలుగుసార్లు. ఇంట్లో అందరి ఫోన్లలోంచీ కొట్టించాం. పదకొండో రోజు ఆ అకౌంట్ మాయమైంది. ఎందుకు తీశారో చెప్పలేదు, అన్నాళ్లు ఎందుకు తియ్యలేదో అసలే చెప్పలేదు.

ఆ పదకొండు రోజులూ మా చెల్లి ఫోన్ బోర్లా పెట్టుకుని కూర్చుంది. మోగితే ఉలిక్కిపడేది.

ఎవరిదో పాట ముక్క వాడుకుని నేనొక వీడియో పెడితే అప్‌లోడ్ అవుతుండగానే పట్టేసుకున్నారు. మా చెల్లి మొహానికి పదకొండు రోజులు పట్టింది. అంటే చేతకాక కాదుగా? చట్టం పెట్టి ముక్కుపిండి చేయించాల్సిందేనా?

చెవిలోపువ్వు
నాలుగుసార్లూ కామా ఒకేచోట పడిందంటే క్వాలిటీ కంట్రోల్ ఉన్నట్టే.

చెవిలోపువ్వు
సారీ అక్కా, జోక్ చేసే టైమ్ కాదు. చెల్లికి ధైర్యం చెప్పండి.

నల్లకోటు
ప్లాట్‌ఫామ్‌ల ధీమాకి మూలం 1996 నాటి అమెరికా చట్టంలోని 230వ సెక్షన్. ఎవరో పెట్టిన పోస్టుకి ఆ వేదికను ప్రచురణకర్తగా చూడకూడదు అంటుంది. ఆ రోజులకి సబబే. ప్రతి కామెంటుకీ కేసు పడే పనైతే మనం ఇప్పుడు మాట్లాడుకునే ఇలాంటి చోటు ఎవడూ నడిపేవాడు కాదు. భారత్‌లో ఐటీ చట్టం 79వ సెక్షన్ కూడా ఇలాంటి గొడుగే, కాకపోతే షరతులున్నాయి. జాగ్రత్తలు పాటిస్తేనే గొడుగు, లేకపోతే తడవాల్సిందే.

ఆ చట్టం కింద వచ్చిన 2021 నియమాల్లో మీ చెల్లి కేసు అచ్చంగా ఉంది. నగ్నంగా చూపే ఫోటో, మార్ఫింగ్ చేసినదైనా సరే, బాధితులో వాళ్ల తరఫువాళ్లో ఫిర్యాదు చేస్తే 24 గంటల్లో తియ్యాలని. తర్వాతి సవరణలో ఆ గడువు ఇంకా కుదించారు. అమెరికాలో 2025 మేలో సంతకమైన టేక్ ఇట్ డౌన్ చట్టం 48 గంటలంటుంది.

కాబట్టి చట్టం లేక కాదు. మీరు నొక్కింది యాప్‌లో రిపోర్ట్ బటన్. అక్కడ వాళ్ల సొంత రూల్స్ చూస్తారు. ఫిర్యాదులు తీసుకోవడానికి కంపెనీ పెట్టిన గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాతపూర్వకంగా పెడితే అప్పుడు చట్టం గడియారం నడవడం మొదలవుతుంది.

జడకుచ్చులు
ఈ తేడా నాకిప్పటిదాకా తెలీదు. ఆ ఆఫీసర్ అడ్రస్ ఎక్కడుంటుంది?

నల్లకోటు
అన్నిటికన్నా అడుగున, బూడిదరంగు అక్షరాల్లో. వెతికితే దొరుకుతుంది. వెతక్కూడదనే అక్కడ పెడతారు.

మూడోకన్ను
అందరూ బాధలో ఉన్నప్పుడు అడ్డం పడుతున్నాడని తిట్టుకున్నా సరే, చెప్తా. జడకుచ్చులు గారి కేసులో నాకు రెండో మాట లేదు, గంటలో తీసెయ్యాలి. కానీ చట్టాలు ఈ కేసు చూపించి వస్తాయి, వచ్చాక వేరేవాళ్ల మీద పడతాయి. ఐటీ చట్టం 66ఏ సెక్షన్ గుర్తుందా? "చికాకు కలిగించే" పోస్టుకి కూడా అరెస్ట్. ఒకమ్మాయి పోస్ట్ పెట్టినందుకూ, ఇంకో అమ్మాయి దాన్ని లైక్ చేసినందుకూ పోలీస్ స్టేషన్‌కి వెళ్లారు. 2015లో సుప్రీంకోర్టు కొట్టేసేదాకా నడిచింది.

జర్మనీ 2017లో చట్టం తెచ్చింది. స్పష్టంగా చట్టవిరుద్ధమైన పోస్ట్ 24 గంటల్లో తియ్యకపోతే 50 మిలియన్ యూరోల దాకా జరిమానా అంది. 2018 జనవరిలో పూర్తిగా అమల్లోకి రాగానే ట్విట్టర్‌లో బ్లాక్ అయినవాళ్లలో టైటానిక్ అనే హాస్య పత్రిక కూడా ఉంది. ద్వేషం వెళ్లగక్కిన నాయకురాలిని వాళ్లు వెక్కిరించారు. వెక్కిరింతనీ ద్వేషాన్నీ ఒకే గాటన కట్టారు. ఎందుకంటే ఉంచితే జరిమానా ఉంది, తీస్తే లేదు. కంపెనీ వాడు ఏం చేస్తాడు? అనుమానం వస్తే చాలు పీకేస్తాడు.

బడిగంట
మూడోకన్ను గారూ, మీరు చెప్పేదంతా పెద్దవాళ్ల గొడవ. నేను హైస్కూల్ టీచర్‌ని. ఎనిమిదో తరగతి కుర్రాడొకడు నత్తితో పాఠం చదువుతుంటే పక్కవాడు బెంచీ కిందనుంచి వీడియో తీశాడు. ఒక అక్షరం దగ్గర ఆగిపోయిన చోటుని మళ్లీ మళ్లీ తిప్పి, దానికి డప్పు బీట్ కలిపి రీల్ చేశాడు. వాడి ఉద్దేశం క్లాసు నవ్వుకోవాలని. రెండో రోజుకి 40 వేల వ్యూస్. ముక్కూమొహం తెలీనివాళ్లు ఆ అక్షరాన్నే కామెంట్లలో టైప్ చేస్తున్నారు. వందల కొద్దీ, అదే అక్షరం.

ఆ పిల్లాడు ఇప్పుడు హాజరు పిలిస్తే కూడా నోరు విప్పడు, చెయ్యెత్తుతాడు. నేను కూడా వాడి పేరు దగ్గర తలెత్తి చూస్తున్నాను, అలవాటైపోయింది.

అందుకే ఆస్ట్రేలియా చేసిందే కరెక్ట్ అంటా. 16 ఏళ్లలోపు అకౌంటే వద్దు.

తోకచుక్క
@బడిగంట చదివి కాసేపు ఏం టైప్ చెయ్యాలో తోచలేదు.

బగ్_వేటగాడు
ఒక సందేహం. ఆ రీల్‌లో చట్టవిరుద్ధం ఏముంది? బూతు లేదు, బెదిరింపు లేదు, నగ్నత్వం లేదు. పేరు కూడా లేదు. ప్రపంచంలో ఏ గడువు చట్టం కిందైనా దాన్ని తియ్యమని అడగ్గలరా?

బడిగంట
అదేగా నా బాధ. నేను రిపోర్ట్ చేస్తే "మా నియమాలకు విరుద్ధం కాదు" అన్నారు. నిజంగానే కాదు కూడా.

బగ్_వేటగాడు
మనం ఇందాకటి నుంచీ తీసెయ్యడం గురించే కొట్టుకుంటున్నాం. ముందుకు తొయ్యడం గురించి ఎవరూ మాట్లాడట్లేదు. ఆ రీల్ పెట్టింది పిల్లాడు. క్లాసులో 30 మంది చూసేవారు. 40 వేల మందికి చూపించింది ఎవరు? జనం ఆగి చూస్తున్నారు, కామెంట్ పెడుతున్నారు, కాబట్టి ఇంకా పంపు అని లెక్క కట్టింది మెషీన్. ఆ లెక్క రాసింది జీతం తీసుకునే ఇంజనీర్లు. నేనూ ఆ జాతివాడినే, వేరే కంపెనీలో.

ఫేస్‌బుక్ లోపలి కాగితాలు 2021లో అక్కడే పనిచేసిన ఫ్రాన్సెస్ హాగెన్ బయటపెట్టినప్పుడు తేలింది చూడండి. 2017 నుంచి కొన్నేళ్లు ఎమోజీ రియాక్షన్‌కి లైక్ కంటే 5 రెట్లు విలువిచ్చారు, కోపం ఎమోజీతో సహా. ఎవరికైనా ఒళ్లు మండేలా రాస్తే ఎక్కువ మందికి చేరే అవకాశం. తర్వాత కోపానికి విలువ సున్నా చేశారు. మార్చింది ఒక్క అంకె. ఏ ఒక్కరి పోస్టూ తియ్యలేదు, ఎవరి నోరూ ముయ్యలేదు. మూడోకన్ను గారి భయానికి ఇదే జవాబు అనుకుంటున్నా.

మూడోకన్ను
సగం ఒప్పుకుంటా. ఆ అంకె ప్రభుత్వం చేతిలో పడితే మాత్రం నాకు ఇంకా భయం.

నల్లకోటు
చేతిలో పడక్కర్లేదు. యూరోపియన్ యూనియన్ డిజిటల్ సర్వీసెస్ చట్టం ఆ దారే పట్టింది. 2024 ఫిబ్రవరి నుంచి పూర్తిగా అమల్లో ఉంది. అక్కడ నెలకి 45 మిలియన్లు దాటి వాడకందారులున్న ప్లాట్‌ఫామ్ ఏటా తన డిజైన్ వల్ల వచ్చే ముప్పులు తానే అంచనా వేసి, తగ్గించడానికి ఏం చేస్తుందో చెప్పాలి, బయటి ఆడిట్ చేయించుకోవాలి. మన ఇష్టాయిష్టాలు గమనించి వడ్డించే ఫీడ్ కాకుండా మామూలు ఫీడ్ కూడా ఎంచుకునే వీలుండాలి. పోస్ట్ తీస్తే కారణం రాతపూర్వకంగా చెప్పాలి, అప్పీలు ఉండాలి. అంటే టైటానిక్ లాంటివాళ్లకీ ఒక తలుపుంటుంది. తప్పితే ప్రపంచవ్యాప్త టర్నోవర్‌లో 6 శాతం దాకా జరిమానా. 2025 డిసెంబర్‌లో ఎక్స్‌కి 120 మిలియన్ యూరోలు వేశారు, బ్లూ టిక్కు వ్యవహారం అందులో ఒకటి.

చెవిలోపువ్వు
డబ్బు కట్టి టిక్కు కొన్నవాళ్ల సంగతేంటి మరి, వాళ్లకి రిఫండ్ ఉందా?

రాత్రిడ్యూటీ
చాలా రోజులుగా చదవడమేగానీ రాయను. ఇవాళ రాస్తా. రెండేళ్లు మోడరేటర్‌గా చేశాను, కాంట్రాక్ట్ కంపెనీ ద్వారా. రిపోర్ట్ అయిన పోస్టు ఉంచాలో తియ్యాలో తేల్చే పని. పేరు చెప్పను, సంతకం పెట్టించుకున్నారు.

జడకుచ్చులు గారూ, మీ నాలుగు రిపోర్టుల్లో మొదటిది బహుశా మనిషి చూసి ఉండడు. మిగతా మూడూ మొదటిదాని జవాబునే తిరిగి ఇచ్చి ఉంటాయి. ఒకే పోస్ట్ మీద వందమంది కొట్టినా క్యూలో అది ఒక్క టికెట్టే అయ్యే సందర్భాలు నేను చూశాను. అందరి ఫోన్లలోంచీ కొట్టించడం వల్ల పెద్ద లాభం లేదు.

మనిషి దాకా వచ్చిందే అనుకోండి. మాకు ఒక్కో టికెట్‌కి సెకన్ల లెక్క. తెర మీద ఫోటో, కుడిపక్క రూల్ నంబర్లు, పైన టైమర్. మార్ఫింగ్ అని ఎలా తెలుస్తుంది? మీ చెల్లి అసలు మొహం నాకు తెలీదు. ఇష్టపడి పెట్టుకుందో ఎవడో పెట్టాడో ఆ ఫోటో చెప్పదు. ఇంక భాష. తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే మెషీన్ దండం పెట్టేస్తుంది. ఒకే తిట్టుని జనం పదిహేను స్పెల్లింగుల్లో రాస్తారు. "నువ్వు రేపు కనబడవు" అన్నది బెదిరింపో, సెలవు పెట్టావా అని అడగడమో పైనా కిందా పది కామెంట్లు చదివితేగానీ తెలీదు. చదివే టైమ్ ఉండదు. మా ఫ్లోర్‌లో తెలుగు క్యూ చూసేవాళ్లం ఆరుగురం. రాత్రుళ్లు ఇద్దరం. ఇంకో భాషవాళ్లకి పని తక్కువైతే మా క్యూ కొంత వాళ్లకి తోసేవారు, అనువాదం బటన్ ఇచ్చి.

తప్పు నిర్ణయం శాతం ఎక్కువైతే మా బోనస్ పోతుంది. అనుమానం వస్తే ఏం చేసేవాళ్లమో తెలుసా? ముందున్నవాడు ఏం నొక్కాడో అదే నొక్కేవాళ్లం. మార్చి ఇరుక్కోవడం ఎందుకని. మీ నాలుగు కామాలు అక్కణ్నుంచి కూడా వచ్చి ఉండొచ్చు.

మానేసి మూడేళ్లైంది. ఇప్పటికీ వీడియో దానంతటది ప్లే అయితే ముందు సౌండ్ తీసేస్తాను, ఆ తర్వాతే చూస్తాను. 2020లో అమెరికా మోడరేటర్లకి ఫేస్‌బుక్ 52 మిలియన్ డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది, ఆ పని వల్ల మనసు దెబ్బతిన్నందుకు. బయటి దేశాల కాంట్రాక్ట్ వాళ్లకి ఆ ఒప్పందం వర్తించలేదు.

చట్టంలో ఒక్క ముక్క రాసే అధికారం నాకిస్తే గడువు గురించి రాయను. ఏ భాషలో ఎంతమంది మనుషులు కూర్చున్నారో ఆ లెక్క ప్రతి మూడు నెలలకీ బయటపెట్టమంటాను.

నల్లకోటు
ఆ యూరప్ చట్టంలో మోడరేటర్ల సంఖ్య భాషలవారీగా చెప్పాలని ఉంది. వాళ్ల అధికార భాషలకి మాత్రమే.

రాత్రిడ్యూటీ
అంటే లెక్క కట్టడం వచ్చు వాళ్లకి.

జడకుచ్చులు
@రాత్రిడ్యూటీ నాలుగుసార్లూ మీలాంటివాళ్లనే తిట్టుకున్నాను. ఏమనుకోకండి.

రాత్రిడ్యూటీ
పర్లేదమ్మా. తిట్టడం మీ హక్కు, నాకు క్యూలో రోజూ అదే.

గుండుసూది
ఇంత చర్చ ఎందుకు? ప్రతి అకౌంట్‌కీ గుర్తింపు కార్డు తప్పనిసరి చేస్తే సరి. దొంగ పేరుతో వాగేవాడు ఒక్కడూ ఉండడు.

ఊరూపేరూలేదు
నా పేరు చూశారుగా. కాపురం వదిలేసి బయటికొచ్చినదాన్ని. నేను ఏ ఊళ్లో ఉన్నానో ఆయనకి తెలియకూడదు. కార్డు పెడితేగానీ మాట్లాడనివ్వం అంటే ముందు నోరుపోయేది నాకు. తిట్టేవాడు తన సొంత పేరు, సొంత ఫోటో, పిల్లలతో దిగిన కవర్ పిక్చర్ పెట్టుకుని మరీ తిడుతున్నాడు, మీరు చూడలేదా?

బగ్_వేటగాడు
@గుండుసూది దక్షిణ కొరియా చేసి చూసింది. పెద్ద సైట్లలో రాయాలంటే అసలు గుర్తింపు చెప్పాలని 2007లో పెట్టారు. 2011లో ఒక పెద్ద పోర్టల్ హ్యాక్ అయి 3.5 కోట్ల మంది వివరాలు పోయాయి. 2012లో వాళ్ల రాజ్యాంగ న్యాయస్థానం ఆ రూల్‌ని కొట్టేసింది. కార్డులు ఒకచోట పోగేస్తే దొంగకి పని సులువు. 2025లో డిస్కార్డ్ అనే చాటింగ్ యాప్ కూడా చెప్పింది, వయసు నిరూపణ కోసం జనం ఇచ్చిన కార్డు ఫోటోలు సుమారు 70 వేల మందివి బయటి సర్వీస్ కంపెనీ దగ్గర్నుంచి పోయి ఉండొచ్చని.

గుండుసూది
సరే, తగ్గా. కానీ పిల్లల వయసు ఎలా కనుక్కుంటారు మరి? బడిగంట గారి ఆస్ట్రేలియా చట్టానికి కూడా అదే కావాలిగా.

బడిగంట
అక్కడ కార్డు ఒక్కటే అడగడానికి వీల్లేదని చట్టంలోనే ఉంది, వేరే దారి కూడా ఇవ్వాలి. మొహం చూసి అంచనా వేయడం లాంటివి. 2025 డిసెంబర్ 10 నుంచి అమలు. తప్పు చేస్తే కంపెనీకి 49.5 మిలియన్ ఆస్ట్రేలియా డాలర్ల దాకా జరిమానా, పిల్లలకీ తల్లిదండ్రులకీ శిక్ష లేదు. నాకు నచ్చింది అదే. ఎప్పుడూ "మీ పిల్లల్ని మీరు చూసుకోండి" అని మా మీదకి తోసేవాళ్లు, మొదటిసారి అమ్మేవాడి చేతికే తాళంచెవి ఇచ్చారు.

మూడోకన్ను
మొహం అంచనాకి మా తమ్ముడు మీసంతో 22 అవుతాడు, గీసుకుంటే 14. బ్రిటన్‌లో 2025 జులైలో వయసు తనిఖీలు మొదలవ్వగానే జనం తామున్న దేశాన్ని దాచే వీపీఎన్‌ల మీద పడ్డారు. పైగా 16వ పుట్టినరోజు మర్నాడు ఏమవుతుంది? అదే ఫీడ్, అదే అంకె. నాలుగేళ్లు గేటు బయట నిలబెట్టి తర్వాత అదే నూతిలోకి తొయ్యడం.

బడిగంట
నుయ్యి బాగుచేసేదాకా గేటు వెయ్యొద్దంటారా? పన్నెండేళ్లవాడు ఈలోపు ఎక్కడికి పోవాలి?

తోకచుక్క
13 ఏళ్లు అని ఉంటుందిగా ఇప్పటికే. ఆ 13 ఎక్కణ్నుంచి వచ్చింది?

నల్లకోటు
1998లో అమెరికా చేసిన పిల్లల ప్రైవసీ చట్టం నుంచి. 13 లోపు పిల్లల వివరాలు సేకరించాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలంది. అనుమతి తీసుకోవడం తలనొప్పని కంపెనీలు 13 దాటినవాళ్లే రండి అని బోర్డు పెట్టాయి. మానసిక నిపుణులు తూచి చెప్పిన వయసేం కాదు.

చెవిలోపువ్వు
నేను ఆరో తరగతిలోనే 1970లో పుట్టాను. ఎవరూ అడగలేదు.

బగ్_వేటగాడు
నేను మాత్రం మధ్యేమార్గంలో ఉన్నా. బ్రిటన్‌లో 14 ఏళ్ల అమ్మాయి 2017లో ప్రాణం తీసుకుంది. 2022లో కరోనర్, అంటే మరణాల మీద విచారణ జరిపే అధికారి, తన నిర్ణయంలో ఆన్‌లైన్‌లో చూసినవి కూడా అందులో పాలు పంచుకున్నాయని రాశాడు. ఆ పిల్ల వెతకని వాటిని కూడా మెషీన్ ఏరి ఏరి ముందు పెట్టిందని విచారణలో వచ్చింది. అది చదివాక "ఫీడ్ అంటే అద్దం, నువ్వు చూసేదే చూపిస్తుంది" అనే మాట మా ఆఫీసులో ఎవరన్నా నేను ఊరుకోవట్లేదు. దిగులుగా ఉన్న పిల్ల ఒక పోస్ట్ దగ్గర ఆగితే, మర్నాడు ఇరవై చూపించడం అద్దం పని కాదు.

@జడకుచ్చులు అసలు మీకు పనికొచ్చే ముక్క మర్చిపోయా. స్టాప్‌ఎన్‌సీఐఐ అని ఒక వెబ్‌సైట్ ఉంది, ఇలాంటి ఫోటోలు పాకకుండా ఆపడానికి, 18 దాటినవాళ్లకి. మీ ఫోన్‌లోనే ఆ ఫోటోకి వేలిముద్ర లాంటి కోడ్ తయారవుతుంది. ఫోటో ఎక్కడికీ వెళ్లదు, కోడ్ మాత్రమే వెళ్తుంది. అందులో చేరిన ప్లాట్‌ఫామ్‌లు ఆ కోడ్‌తో సరిపోయేది కనబడితే ఆపుతాయి. మార్ఫింగ్‌వి కూడా తీసుకుంటారు. 18 లోపువాళ్లకి అమెరికా సంస్థ ఒకటి ఇలాంటిదే నడుపుతోంది, దాని పేరు కూడా టేక్ ఇట్ డౌనే. సైజు మార్చినా, కాస్త మసకబరిచినా చాలావరకు పట్టుకుంటుంది. బాగా కత్తిరించి వేరే బొమ్మలో అతికిస్తే దొరక్కపోవచ్చు. చేరని సైట్లలో ఏమీ చెయ్యలేదు. అయినా చేసి పెట్టండి. అకౌంట్ పోయిందంటే ఫోటో పోయినట్టు కాదు, దాన్ని ఎవడో దాచుకుని ఉంటాడు.

జడకుచ్చులు
ఆ చివరి వాక్యం మా చెల్లి ముందు చదవలేదు. మిగతాది చదివి వినిపించా.

గుండుసూది
స్క్రీన్‌షాట్లు, లింకు, తేదీ, టైమ్ దాచారా? డిలీట్ చేసేస్తారు చాలామంది, చూడలేక.

జడకుచ్చులు
మొదటివి డిలీట్ చేసేశాం. నాలుగో రిపోర్ట్ అప్పటివి నా దగ్గరున్నాయి. దాని ఫోన్‌లో ఉంచలేదు.

నల్లకోటు
చాలు. ఆ జవాబులు కూడా దాచండి, కామాలతో సహా. "మేము చూశాం, తప్పు లేదు" అని వాళ్లే రాసిచ్చినట్టు. ఫిర్యాదులో అవి ముందు పెట్టండి. ఫోటో ఇక్కడెవరికీ పంపకండి, సాయం చేస్తామని అడిగినవాళ్లకి అసలే వద్దు.

ఊరూపేరూలేదు
నల్లకోటు గారి ఆఖరి మాట అందరూ రెండుసార్లు చదవండి. నా విషయంలో రెండో దెబ్బ అలా సాయం చేస్తానన్నవాడి దగ్గర్నుంచే తగిలింది.

జడకుచ్చులు
అప్‌డేట్. మూడు రోజుల తర్వాత వస్తున్నా. కోడ్ చేసి పెట్టాం, చెల్లి ఫోన్‌లోనే, అదే కూర్చుని చేసింది. గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టా. ఒకరోజులోపే టికెట్ నంబర్ వచ్చింది. మనిషి రాసినట్టే ఉంది, ఒక అచ్చుతప్పు కూడా ఉంది. నిన్న రాత్రి ఇంకో అకౌంట్‌లో అదే ఫోటో కనబడిందని ఎవరో చెప్పారు. దాని లింకు కూడా అదే టికెట్‌కి జతచేశా. నాలుగు గంటల్లో పోయింది. కోడ్ వల్లో మెయిల్ వల్లో తెలీదు.

రాత్రిడ్యూటీ
అచ్చుతప్పు ఉందంటే మనిషే. సంతోషం.

బడిగంట
చెల్లి ఎలా ఉంది?

జడకుచ్చులు
కాలేజీకి వెళ్లింది ఇవాళ. ఫోన్ ఇంకా బోర్లాయే. డీపీ తీసేసింది కదా, మళ్లీ పెట్టింది. తన ఫోటో కాదు, ఒక పువ్వు.

చెవిలోపువ్వు
ఆ పువ్వు నా చెవిలోదే, వాడుకోమని చెప్పండి. రిపోర్ట్ చెయ్యను.